చీటీ ఎక్కడ ఆగిపోయింది?
(ఆరోగ్య సమాచార వ్యవస్థకు లెక్కల పరీక్ష)



ఇది కంప్యూటర్ యుగం. ఆసుపత్రుల్లో రోగుల వివరాలు కూడా కాగితం నుంచి కంప్యూటర్‌కు మారుతున్నాయి. మరి కంప్యూటర్ వచ్చినంత మాత్రాన వైద్యం అందుతుందా? డబ్బు ఖర్చు పెట్టకముందే ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి ఒకటుంది. దాని పేరు సిస్టమ్ మోడలింగ్. మనకు తెలిసిన ఉదాహరణతోనే దాన్ని నేర్చుకుందాం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హాస్టల్‌లో రక్తపరీక్షలు చేశారు. నా పక్కన పడుకునే అమ్మాయికి హిమోగ్లోబిన్ 8 గ్రాములే వచ్చింది. ఆ వయసు ఆడపిల్లలకు డెసిలీటరు రక్తంలో కనీసం 12 గ్రాములు ఉండాలి. చీటీ ఫైల్లో పెట్టారు. వారం తిరక్కముందే వేసవి సెలవులు ఇచ్చారు. తను ట్రంకు పెట్టె సర్దుకుని ఊరెళ్లింది. ఆ ఊరి ఏఎన్ఎం అక్కకు ఈ సంగతి తెలియదు. సెలవులంతా అమ్మతో కూలికి వెళ్లిన ఆ పిల్ల, జూన్‌లో ప్రార్థన లైన్లో కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష జరిగింది, ఫలితం రాశారు, ఐరన్ మాత్రలూ సబ్‌సెంటర్లో ఉన్నాయి. అయినా మందు అందలేదు. ఎందుకంటే చీటీ ఊరు చేరే దారి లేదు.

మోడల్ అంటే ఏమిటి?

ఇల్లు కట్టేముందు ప్లాను గీస్తాం కదా! అలాగే ఒక పని ఎవరి నుంచి ఎవరికి, ఎంతసేపట్లో, ఎంతమేరకు చేరుతుందో బొమ్మగా గీసి, అంకెలు వేసి చూడటమే మోడల్. అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ 1950లలో ఈ శాస్త్రంలో సిస్టమ్ డైనమిక్స్ అనే శాఖకు పునాది వేశారు. ఫ్యాక్టరీల కోసం మొదలైన ఆ పద్ధతి తర్వాత ఆరోగ్య రంగానికీ వచ్చింది.

ఒక చిన్న లెక్క

రక్తహీనత ఉన్న 100 మంది పిల్లల్ని తీసుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే.

1. ఫలితం సరిగా నమోదయ్యేది 90 శాతం: 90 మంది.
2. అందులో ఊరి సబ్‌సెంటర్‌కు కబురు చేరేది 50 శాతం: 45 మంది.
3. కబురు చేరినవారిలో మందు అందేది 80 శాతం: 36 మంది.

ఇప్పుడు రెండు పథకాలు ఉన్నాయనుకోండి. మొదటి పథకంలో పరీక్ష చేసేచోట ట్యాబ్ ఇస్తారు. నమోదు నూటికి నూరు అవుతుంది. అప్పుడు 100, 50, 40. అంటే నలుగురికే అదనపు లాభం. రెండో పథకంలో సబ్‌సెంటర్‌కు కబురు నేరుగా వెళ్లే ఏర్పాటు చేస్తారు. 50 శాతం 80కి పెరుగుతుంది. అప్పుడు 90, 72, సుమారు 58. లాభం 22 మందికి! కంటికి కనబడే యంత్రం ఒకచోట, అసలు అడ్డంకి మరోచోట ఉందన్నమాట.

కానీ లెక్క ఇక్కడితో ఆగదు. కబుర్లు ఎక్కువైతే ఏఎన్ఎం అక్క మీద పని పెరుగుతుంది. రిజిస్టర్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి రాయాలంటే ఇళ్లు తిరిగే సమయం తగ్గుతుంది. అందువల్ల మందు అందే శాతం 80 నుంచి 50కి పడిపోయిందనుకోండి. 72లో సగం, మళ్లీ 36! ఖర్చయింది, ఫలితం మాత్రం మొదటికే వచ్చింది. ఒక మార్పు తిరిగి తన మీదే ప్రభావం చూపడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. మోడల్ మనకు నేర్పే ముఖ్యమైన పాఠం ఇదే.

నిజ జీవితంలో

ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల రికార్డులన్నీ కలపాలని 2002లో ఒక భారీ కంప్యూటర్ పథకం మొదలుపెట్టారు. వందల కోట్ల పౌండ్లు ఖర్చయ్యాక, 2011లో ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. పైనుంచి రుద్దిన పద్ధతి ఆసుపత్రుల రోజువారీ పనితో కుదరకపోవడం అందుకు ఒక కారణం.

మన దేశంలో 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. 14 అంకెల ఆభా నంబరుతో, రోగి అనుమతితో, రికార్డు ఒక ఆసుపత్రి నుంచి మరోదానికి వెళ్లేలా దీన్ని రూపొందించారు. ఓపీ కౌంటరు దగ్గర ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పేరు నమోదు చేసుకునే సౌకర్యం 2022లో వచ్చింది. దీంతో కౌంటరు ముందు లైను తగ్గుతుంది. కానీ డాక్టర్లు అంతే మంది ఉంటే ఆ లైను డాక్టరు గది ముందుకు జరుగుతుంది. ఫోన్ లేని అవ్వ సంగతేమిటి? మోడల్ గీసేవారు ఈ ప్రశ్నలు కూడా వేసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

* మోడల్ ఎంత మంచిదైనా అందులో వేసిన అంకెలంత మంచిదే. పని చేసేవారిని అడిగి అంకెలు వేయాలి.
* ఎన్ని రికార్డులు ఎక్కించారన్నది కాదు, ఎంతమందికి మందు అందిందన్నది కొలవాలి.
* రోగి వివరాలు అవసరమైనవారికే, అనుమతితోనే చేరాలి.

చెల్లెళ్లూ! ఈరోజు స్టడీ అవర్ అయ్యాక ఒక తెల్లకాగితం తీసుకోండి. మన హాస్టల్ నుంచి మీ ఊరి సబ్‌సెంటర్ వరకు ఒక చీటీ ఎవరెవరి చేతులు మారాలో గీయండి. ఎక్కడ బాణం గుర్తు వేయలేకపోయారో అక్కడే చీటీ ఆగిపోతుంది. సెలవులకు వెళ్లేముందు మీ రక్తపరీక్ష ఫలితం నోటుబుక్కులో రాసుకుని, ఏఎన్ఎం అక్కకు మీరే చూపించండి. కంప్యూటర్ వచ్చేదాకా ఆ దారి మీరే!

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థిని