వయస్సు నడిగి చేయించుకొనవలసిన చికిత్స

చిరంజీవి శ్రావణికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

19వ యేట నున్న నీవును, 46వ యేట నున్న మీ నాన్నయు నొకే దినమున లాసిక్ చేయించుకొన నిశ్చయించితిమనియు, 18 ఏండ్లు నిండినవారికెల్ల చేయవచ్చునని వైద్యాలయమువారు చెప్పిరనియు వ్రాసితివి. చేయవచ్చుననుట వేరు, చేయదగుననుట వేరు. కంటివైద్యమున జీవితము గడపినవాడను గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

లాసిక్ నందు వాడు లేజరు కంటి ముందరి పొరయైన కార్నియా నడిమిభాగమును రవంత చెక్కి దాని వంపును తగ్గించునే గాని, కనుగ్రుడ్డు నిడుపు పెరుగుటను ఆపజాలదు. ఏడాదిలో నీ పవరు మైనస్ 4 నుండి 4.75కు పెరిగినదనగా నీ కన్నింకను ఎదుగుచున్నదన్నమాట. ఎదిగే బిడ్డకు కొలిచి కుట్టిన చొక్కా వలె, నేడు సరిచేసిన చూపు కొన్నేండ్లకే చాలకపోవచ్చును. అప్పుడు మరల చేయింతమన్నను, అరమిల్లీమీటరుకు కొంచెము మించిన మందము గల ఆ పొర, మొదటిసారియే 60, 70 మైక్రాన్లు కోల్పోయి, తిరిగి పెరుగునది కాదు. పైగా కార్నియా పలుచబడి శంకువు వలె ముందుకు వచ్చు కెరటోకోనస్ అను వ్యాధి తరచుగా యౌవనముననే తలయెత్తును. గుప్తముగ నున్న దానిని గుర్తింపక చెక్కినచో కన్ను మరింత బలహీనమగును. కావున సంవత్సరకాలమున అర డయాప్టరుకు మించిన మార్పు లేదని తేలి, కార్నియా ఆకృతిని చూచు టోపోగ్రఫీ పరీక్షలో దోషము కానరాని పిమ్మటనే నీవు దీనిని తలపెట్టుము.

మీ నాన్న సంగతి వేరు. ఆయన మైనస్ పవరు ఏండ్ల తరబడి నిలుకడగా నున్నది, అది మేలే. కాని కంటిలోని లెన్సు బిగిసి చత్వారము ప్రవేశించు వయస్సిది. నేడు అద్దములు తీసి హాయిగా పత్రిక చదువుకొను ఆయన, దూరపుచూపు పూర్తిగ దిద్దుకొన్న మరునాటినుండి చదువుటకు అద్దములు వెదకుకొనవలసి యుండును. చికిత్స కొంచెము అధికమైనచో పడుచుకన్ను సర్దుకొనును, ముదురుకన్ను సర్దుకొనలేదు. కన్నీటితడి తగ్గుటయు ఈ వయస్సున అధికము. ఒక కంటికి కొంత హ్రస్వదృష్టి, అనగా మైనస్ పవరు, మిగిల్చి దానితో దగ్గరివి చూచుకొను పద్ధతి కలదు గాని, దానిని ముందుగా కాంటాక్ట్ లెన్సులతో అనుభవించి చూచుకొనవలెను. శస్త్రచికిత్సకు పూర్వపు కొలతల కాగితములను భద్రపరచుకొమ్మనుము. ముందుముందు శుక్లము తీయించి కృత్రిమ లెన్సు పెట్టించునాడు లెక్కకు అవి తోడ్పడును.

లేజరు తరువాతను హ్రస్వదృష్టి గల కంటి నిడుపు నిడుపుగనే యుండును గనుక, రెటీనా పరీక్ష మానరాదు. నీవు వేచియుండుము, మీ నాన్నను తాను చదువుకొను దూరమును ముందుగా వైద్యునికి చెప్పి, పిమ్మట తేదీ నడుగుమనుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తాతయ్య