కాలప్రమాణం వదలకండి

మీరు శ్రీముఖలింగంలో మృదంగం సాధన చేస్తున్నారు. వయొలిన్ వాయించే మిత్రుడు విజయనగరంలో ఉన్నాడు. రోజూ బస్సెక్కి వెళ్లిరావడం కుదరదు. ఇంట్లో కూర్చునే అతనితో కలిసి వాయించండి. జామ్యులస్, జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇందుకే పుట్టాయి. మామూలు వీడియో కాల్ మాటలకు సరిపోతుంది గానీ, తంబురా శ్రుతిని ఫ్యాను రొద అనుకుని నొక్కేస్తుంది.

దూరాన్ని చూసి బెదరకండి, లెక్క వేయండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఎనిమిది మీటర్ల అవతల వాయించేవారి నాదం మీ చెవికి చేరడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. విజయనగరం దాకా ఫైబరులో వెలుగుకు ఒక్క మిల్లీసెకను చాలు. మిగతా ఆలస్యంలో చాలా భాగం మన గదిలోనే ఉంది. వైఫై బదులు కేబుల్, బ్లూటూత్ బదులు వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యతో మాత్రం తాళం కలపాలని పట్టుబట్టకండి. అంత దూరం దాటడానికి వెలుగుకే 65 మిల్లీసెకన్లకు పైగా కావాలి. ఆయనతో స్వరాలు వంతులేసుకుని వాయించండి.

అసలు పరీక్ష మన స్వభావానికే. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చాఫ్ బృందం ఇద్దరిద్దర్ని వేర్వేరు గదుల్లో ఉంచి చప్పట్లు కొట్టించింది. ఆలస్యం పెరిగేకొద్దీ లయ సాగింది. ఎదుటివాడి దెబ్బ వినపడ్డాకే కొడదామని ఇద్దరూ ఆగితే జరిగేది అదే. విచిత్రమేమిటంటే, ఆలస్యం దాదాపు లేనప్పుడు లయ పరుగెత్తింది! ఏకాస్త ఆలస్యమూ ఉండకూడదని కంగారు పడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అందుకే కాలప్రమాణం ఎవరిదో ముందే తేల్చుకోండి. మీదైతే వినండి, కానీ ఆగకండి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులకు, రెండు కాళ్లకు, తలకు వేర్వేరు తాళాలిచ్చి పాడిన మహానుభావుడాయన. ఒకదాని కోసం మరొకటి ఆగి ఉంటే ఆ పంచముఖి సాగేదా? అంతటి నిలకడ మనకు రాకపోవచ్చు, ఒక్క ఆది తాళంలోనైనా సాధిద్దాం.

లయ తప్పితే వెంటనే ‘నెట్ బాలేదు’ అనకండి. తప్పింది ఎవరో ధైర్యంగా చెప్పుకోండి, చెబితే నొచ్చుకోకండి. మొదటి వారం ఒక్క వర్ణమే, అదీ మధ్యమ కాలంలో వాయించండి. ఎవరి గదిలో వాళ్లు రికార్డు చేసి ఒకరికొకరు పంపుకోండి. ఏ ఆవర్తనంలో సాగిందో గుర్తించి, మర్నాడు అక్కణ్నుంచే ఎత్తుకోండి.