మీ ఊరి రుతువుతో మొదలుపెట్టండి

చెట్టును, చంద్రుణ్ణి, నేలను దైవంగా కొలిచే విక్కా అనే దారి ఒకటుందని ఫోనులో చూసి, మనమూ ఆ దారి పట్టవచ్చా అని అడిగే యువతీయువకులు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. పట్టవచ్చు. కొవ్వొత్తులు, రంగురాళ్లు, వెండి గిన్నెలు ఆర్డరు పెట్టేముందు మాత్రం ఒక పరీక్ష పెట్టుకోండి. మీ ఊళ్లో ఈ నెల ఏ చెట్టు పూసింది? గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది? చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి? ఈ మూడింటికీ బయటికి వెళ్లి చూడకుండా జవాబు చెప్పలేకపోతే మీ సాధన అక్కడే మొదలుపెట్టాలి.

ముందుగా ఒక అపోహ తీసేసుకుందాం. విక్కా వేల ఏళ్ల నాటిది కాదు. మలయాలో కస్టమ్స్ అధికారిగా పనిచేసి, 1936లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు చేరిన జెరాల్డ్ గార్డ్‌నర్ దీనికి రూపం ఇచ్చాడు. మంత్రవిద్య మీద ఉన్న పాత చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది. ఆ అడ్డు తొలగాక 1954లో విక్కా మీద ఆయన పుస్తకం బయటికొచ్చింది. క్రైస్తవానికి ముందు నుంచీ గుట్టుగా బతికిన మతమే తనదని ఆయన చెప్పుకున్నాడు. ఆ మాటకు ఆధారాలు నిలవవని రొనాల్డ్ హట్టన్ అనే చరిత్రకారుడు 1999లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. అయినా ఆ దారిని ఆయన చులకన చేయలేదు, నేనూ చేయను. నిన్న పుట్టిన భక్తి కూడా నిజమైన భక్తే. పురాతన రహస్యం చెబుతాం, ఇంత డబ్బు కట్టండి అనేవాళ్లకు మాత్రం దూరంగా ఉండండి.

ఇక అసలు సంగతి. విక్కాలో ఏడాదికి ఎనిమిది పండుగలు. నాలుగు సూర్యుణ్ణి బట్టి వస్తాయి, మిగిలిన నాలుగు వాటి నడుమ వస్తాయి. డిసెంబరు 21 చుట్టూ వచ్చేది యూల్, అంటే చీకటి తగ్గి వెలుగు తిరిగొచ్చే పండుగ. ఆ రోజు లండనులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. జూన్ 21న పదహారు గంటలు దాటుతుంది. అంత తేడా ఉన్న చోట మనిషికి సూర్యుడి మీద బెంగ పుట్టడం సహజం, ఆ బెంగకు ఊరటే ఆ పండుగ. మరి అనంతపురంలో? ఏడాదిలో అతి చిన్న పగలు పదకొండుంపావు గంటలు, అతి పెద్ద పగలు పదమూడు గంటల లోపు. ఇక్కడ సూర్యుడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసిన రైతు లేడు. ఇక్కడ ఎదురుచూపంతా వాన కోసమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే, అదీ సెప్టెంబరులోనే గట్టిగా పడుతుంది. కాబట్టి ఇక్కడి ఏడాదిచక్రం వాన చుట్టూ తిరగాలి.

ఇది నియమం తప్పడం అవుతుందేమోనని భయపడకండి. ఆస్ట్రేలియాలోని విక్కా సాధకులలో చాలామంది ఎనిమిది పండుగలనూ ఆరు నెలలు పక్కకు జరిపి చేసుకుంటారు, ఎందుకంటే వాళ్లకు డిసెంబరంటే నడివేసవి. నేలను అనుసరించాలి అన్నదే ఆ దారిలోని మొదటి మాట అయినప్పుడు, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో కూర్చుని ఇంగ్లండు మంచును తలచుకుంటూ పూజ చేయడంలో అర్థమేముంది?

అయితే ఏం చేయాలి? ఒక మందపాటి నోటుబుక్కు కొనండి. దానికి వందలోపే ఖర్చు, ఆపైన మరేమీ కొననక్కర్లేదు. విక్కా సాధకులూ తమకంటూ ఒక పుస్తకం రాసుకుంటారు. ఒకరి దగ్గర దీక్ష తీసుకునేవాళ్లకు ఏడాదీ ఒక రోజూ నేర్చుకునే కాలమని ఆనవాయితీ. మీరూ ఆ గడువే పెట్టుకోండి. రోజుకు నాలుగు వాక్యాలు చాలు. మొదటి తంగేడు పువ్వు ఏ రోజు కనిపించింది, వేప ఎప్పుడు పూసింది, దుక్కి వాన ఎప్పుడు పడింది, శెనక్కాయ విత్తనం ఎప్పుడు వేశారు, ఎవరి చేను ఎండింది. వాకిట్లో ఒక కర్ర నిలువుగా పాతి మిట్టమధ్యాహ్నం దాని నీడను కొలవండి. ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ మరోసారి ఆ నీడ దాదాపు మాయమవుతుంది. ఆ రెండింటి నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఇంగ్లండులో ఈ దృశ్యం ఏనాటికీ కనిపించదు. ఇది మీ ఆకాశం, మీ కంటితోనే తెలుసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ పండుగలేవో ఆ నోటుబుక్కే చెబుతుంది.

కొన్ని పండుగలు మీకు ముందే ఉన్నాయి కూడా. ఉగాదికి వేపపువ్వు, జ్యేష్ఠ మాసంలో ఏరువాక పున్నమి, దసరాకు జమ్మి, కార్తికంలో దీపం. పక్కనే నార్పల మండలం గూగూడులో పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి కుళ్లాయస్వామిని కొలుస్తారు. వాన మొండికేస్తే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించే ఆచారం మన తెలుగు పల్లెల్లో అమ్మమ్మలకు తెలుసు. అడగండి. దాన్ని మూఢనమ్మకమని తోసేసేవాళ్లున్నారు. నేను దాన్ని ఊరంతా కలిసి వాన కోసం నోరు తెరిచి అడగడంగా చూస్తాను. విక్కాలో పున్నమి రాత్రి గుమిగూడటానికి, దీనికి ఉన్న చుట్టరికం చిన్నది కాదు.

ఇక బుక్కరాయసముద్రం చెరువు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు 1364లో పండమేరుకు అడ్డంగా ఈ చెరువు కట్టించాడని, కట్టకు ఒక కొసన రాజు పేర బుక్కరాయసముద్రం, మరో కొసన రాణి పేర అనంతసాగరం వెలిశాయని స్థానిక చరిత్ర చెబుతుంది. కరువు నేల మీద ఇంత నీటిని నిలిపినవాళ్లు ఆ నీటిని దేవతగా చూడకుండా ఎలా ఉంటారు? అదే నీరు కోపించగలదు కూడా. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలు నీట మునిగాయి. ఇచ్చేదీ ముంచేదీ ఒకే తల్లి అన్న భావం పుస్తకంలో చదివితే సిద్ధాంతంలా ఉంటుంది, ఈ కట్ట మీద నిలబడితే అనుభవంలోకి వస్తుంది.

ఈ కట్టకే ముసలమ్మ కథ ఉంది. చెరువుకు గండి పడబోతుంటే ఊరిని కాపాడటానికి ఒక రైతింటి కోడలు ముసలమ్మ తన ప్రాణం ఇచ్చిందని, ఆమె బలితో కట్ట నిలిచిందని చెప్పుకుంటారు. ఆమెను దేవతగా కొలుస్తారు. సి.పి. బ్రౌన్ వెలువరించిన అనంతపురం చరిత్రలోని ఆ కథ ఆధారంగానే కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణం’ రాశారు. సాధన మొదలుపెట్టేవాళ్లు ఈ కథ దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక. ఆమెకు చేతులెత్తి దండం పెట్టండి. ఆ వెంటనే ఈ ప్రశ్న కూడా వేసుకోండి: ఊరి కష్టానికి ప్రతిసారీ ఇంటి కోడలే ఎందుకు ప్రాణం ఇవ్వాలి? ఎవరికీ హాని చేయకుండా నీకు నచ్చినట్టు నడుచుకో అన్నది విక్కాలో చాలామంది ఒప్పుకునే నియమం. విక్కా రచయిత్రి డోరీన్ వాలియంటె 1964లో దాన్ని నలుగురిలో పలికింది. ఎవరికీ అన్న మాటలో మీరూ ఉన్నారు. భక్తి పేరుతో ఒంటిని హింసించుకోవడం, అందరి బరువూ ఒంటరిగా మోయడం ఆ నియమానికి సరిపడవు. ముసలమ్మను గౌరవించడమంటే కట్ట బలహీనపడకముందే చూసుకునే పదిమందిని కూడగట్టడం.

హాని అన్నాను కాబట్టి ఇంకొకటి. ప్రేమించిన అమ్మాయి మనసు మార్చాలనో, మేనేజరు నోరు కట్టేయాలనో మంత్రం కోసం ఈ దారికి వచ్చేవాళ్లు రావద్దు. ఇతరుల ఇష్టాన్ని వంచే పని ఆ నియమానికే విరుద్ధం. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలి, మనసు కుంగితే డాక్టరును కలవాలి. పున్నమి పూజ ఆ రెండింటికీ బదులు కాదు.

మాట విషయంలోనూ జాగ్రత్త, ముఖ్యంగా మంత్రగత్తె అన్న మాట విషయంలో. కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి 1986లో విక్కా సాధకురాలినని బాహాటంగా ప్రకటించుకున్నారు. చదువు, పలుకుబడి, నగరం ఆమెకు తోడున్నాయి. పల్లెలో ఒంటరి ముసలావిడకు అవేవీ ఉండవు. మంత్రగత్తె అన్న ముద్ర పడి ఆడవాళ్లు చచ్చేదాకా దెబ్బలు తిన్న దేశం ఇది. బీహారు 1999లో దీని మీద ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. చేతబడి, బాణామతి అనుమానంతో మన తెలుగు నేల మీదా ప్రాణాలు పోయాయి. కాబట్టి ఆ ముద్రను సరదాకు మెడలో వేసుకుని వీడియోలు తీయకండి, ఎవరి మీదా వేయకండి. ఎవరిమీదైనా పడితే ఆ మనిషి పక్కన నిలబడండి. ఈ ఒక్క పని చేసినా మీ సాధన సార్థకమే.

ఇంట్లో ఏం చెప్పాలి? ఉన్నమాట చెప్పండి. అమ్మ పూజగదిని ఎదిరించి గదిలో తలుపేసుకుని చేసే పని ఎక్కువకాలం నిలవదు. దానికి దొంగచాటుతనం తెచ్చే భయం కూడా తోడవుతుంది. మట్టి ప్రమిదలో దీపం, చెంబుతో నీళ్లు, చిటికెడు ఉప్పు, ఒక సాంబ్రాణి పుల్ల. నిప్పు, నీరు, నేల, గాలి వచ్చేశాయి. మన ఇళ్లలో ఇవి పరాయివి కావు కాబట్టి గొడవా ఉండదు. పక్కన ఎవరూ లేరే అన్న దిగులు పెట్టుకోకండి. వాలియంటె 1978 నాటి పుస్తకంలోనే ఒంటరిగా దీక్ష తీసుకునే పద్ధతి ఇచ్చింది. ఒంటరి సాధకుల కోసమే స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో రాసిన పుస్తకం ఎందరికో దారి చూపింది. గార్డ్‌నర్ సంప్రదాయంలో మాత్రం మరొకరి చేత దీక్ష తప్పదు.

పూజ అయ్యాక చెంబులో నీళ్లు పారబోయకండి, ఒక మొక్కకు పోయండి. ఆ మొక్క వేపో కానుగో అయితే మంచిది, ఈ ఎండకు తట్టుకుంటుంది. దాన్ని మూడు వేసవులు బతికించండి. ప్రకృతిని దేవత అని పిలిచి చెరువులో ప్లాస్టిక్ దీపాలు వదిలేవాళ్లను నేను సాధకులుగా లెక్కపెట్టను.

ముహూర్తం కావాలంటే రాబోయే ఏరువాక పున్నమి ఉంది. ఆ రోజు పొద్దున్నే చెరువు కట్ట మీదికి ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి, వాళ్ల చిన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో అడిగి ఆ మాట నోటుబుక్కులో మొదటి పేజీలో రాయండి.