లంబసింగి మంచుకు ‘పీ సూప్’ నప్పుతుందా?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో కథ రాస్తున్నాను. లంబసింగి పొగమంచును ‘థిక్ యాజ్ పీ సూప్’ అనవచ్చా?

జవాబు: వ్యాకరణం ఒప్పుకుంటుంది, సన్నివేశం ఒప్పుకోదు. ఆ పోలికకు పేరు తెచ్చింది లండన్. ఇళ్లలో, కార్ఖానాల్లో కాల్చిన బొగ్గు మసి, గంధకం కలిసి అక్కడి పొగమంచు పసుపుపచ్చగా, ఘాటుగా మారేది. డికెన్స్ ‘బ్లీక్ హౌస్’లో దాన్నే ‘లండన్ పర్టిక్యులర్’ అన్నారు. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా నగరాన్ని కమ్మి వేలమందిని బలిగొన్నదీ అలాంటిదే. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది ఆ విషాదం వల్లే.

ఈనాటి నిఘంటువులు ఏ దట్టమైన పొగమంచుకైనా ఆ మాట చెల్లుతుందంటున్నాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే, మామూలు సంభాషణలో అభ్యంతరం లేదు. కానీ కథలో ఉపమానం రంగును, వాసనను కూడా వెంట తెస్తుంది. తెల్లటి కొండమంచు మీద బొగ్గు మసి పూయడమెందుకు? ‘బ్లాంకెట్ ఆఫ్ ఫాగ్’ అరిగిపోయినదే అయినా అబద్ధం చెప్పదు. అంతకన్నా, ఎంత దూరం కనిపిస్తోందో రాయడం మేలు. వాతావరణ శాస్త్రంలో కొలత కూడా అదే: చూపు 1000 మీటర్లలోపే ఆగితే ఫాగ్, అంతకుమించి సాగితే మిస్ట్. పక్క చెట్టు కూడా కనిపించని చోట మాత్రం దయచేసి ‘మిస్ట్’ అని రాయకండి.