సముద్రంలో ఇనుము

భూగోళం వేడెక్కుతున్నది. బొగ్గు, పెట్రోలు మండించినప్పుడు వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ ఇందుకు ముఖ్య కారణం. ప్రకృతి వ్యవస్థలలోనే పెద్ద ఎత్తున మార్పులు చేసి ఈ వేడిని తగ్గించవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. ఇటువంటి ప్రయత్నాలను జియో ఇంజనీరింగ్ అంటారు.

అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో చాలాచోట్ల ఇనుము కొరతగా ఉంటుంది. ఇనుము అందితే అక్కడి సూక్ష్మమైన నాచుమొక్కలు వేగంగా పెరుగుతాయి. అవి కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకొంటాయి. చనిపోయి సముద్రపు లోతులకు చేరితే ఆ కర్బనం చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. దీనిని పరీక్షించడానికి 2009 జనవరిలో భారత, జర్మనీ శాస్త్రజ్ఞులు కేప్‌టౌన్ నుండి 'పోలార్‌స్టెర్న్' అనే ఓడలో బయలుదేరారు. ఆ ప్రయోగం పేరు 'లోహాఫెక్స్'. హిందీలో లోహా అంటే ఇనుము.

ఓడ సముద్రంలో ఉండగానే వివాదం చెలరేగింది. చాలినంత శాస్త్రీయ ఆధారం లభించేవరకు, తీరప్రాంతాలలో చిన్న ప్రయోగాలు మినహా, ఇటువంటి పనులు జరగనీయవద్దని 2008లో జర్మనీలోని బాన్ నగరంలో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు తీర్మానించాయి. అందుచేత జర్మనీ పర్యావరణ మంత్రిత్వశాఖ ఆక్షేపించింది. పరిశోధన మంత్రిత్వశాఖ ప్రయోగాన్ని ఆపించి, నిపుణుల అభిప్రాయం తీసుకొన్న పిమ్మట అనుమతించింది.

సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపారు. నాచు పెరిగింది. కాని చిన్న జలచరాలు దానిని తినివేశాయి. ఆశించినంత కర్బనం లోతులకు చేరలేదు.

ప్రయోగం ముగిసినా ప్రశ్న మిగిలింది. ఊరి చెరువు తూమును ఏ ఒక్క రైతో తన ఇష్టప్రకారం ఎత్తడానికి వీలులేదు. అది ఆయకట్టు అంతటికీ సంబంధించినది. మరి ఏ దేశానికీ చెందని మహాసముద్రంలో ఎవరి అనుమతి కావాలి? సూర్యకాంతిలో కొంత భాగాన్ని అంతరిక్షంలోకి తిప్పిపంపే పద్ధతి విషయంలో ఈ ప్రశ్న మరింత క్లిష్టమైనది. ఒక దేశం చేసిన పనివల్ల మరొక దేశంలో వానలు తగ్గవచ్చు. ఆ పద్ధతిపై నిపుణుల సంఘాన్ని నియమించాలని 2024లో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో స్విట్జర్లాండ్ ప్రతిపాదించింది. దేశాల మధ్య అంగీకారం కుదరలేదు.

యంత్రం ఉన్నవారికే నిర్ణయాధికారం దక్కితే, ఫలితం అనుభవించే వారి మాట వినేదెవరు?

అభ్యాసం
1. సముద్రంలో ఇనుము ఎందుకు కలిపారు? ఫలితమేమి?
2. జర్మనీ పర్యావరణ మంత్రిత్వశాఖ ఎందుకు ఆక్షేపించింది?
3. చెరువు తూము పోలిక ఈ విషయానికి ఎంతవరకు సరిపోతుంది? చర్చించండి.