ఊరి దేవత, ఊరి పండుగ
(విజయనగరం సిరిమాను – ఇటలీ కొండ ఊరి చెరి)

పిల్లలూ! ఈ ఏడాది మా పెద్ద తరగతిలో ఒక చిన్న ప్రశ్న వేశాం. "మీ తాతగారి ఊరి గ్రామదేవత పేరేమిటి?" అని. రాముడు, వేంకటేశ్వరస్వామి, వినాయకుడు అని గబగబా జవాబులు వచ్చాయి కానీ గ్రామదేవత పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఇంటికి వెళ్ళి అడగమన్నాం. మరుసటి వారం వచ్చి, "మా నాన్నగారు కూడా నానమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నారండీ!" అని ఒకరు చెప్పారు. అందరం నవ్వుకున్నాం. తరువాత కొంచెం బాధ కూడా కలిగింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాం.

పక్కవాళ్ళ పండుగ

టొరంటోలో లిటిల్ ఇటలీ అనే పేట ఉంది కదా. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అస్సిసి చర్చివారు దశాబ్దాలుగా గుడ్ ఫ్రైడే నాడు విగ్రహాలను వీధుల్లో ఊరేగిస్తున్నారు. బ్యాండు మేళం ముందు నడుస్తుంది. పెద్దవాళ్ళు, పిల్లలు వెనకాల నడుస్తారు. మొదటిసారి చూసినప్పుడు మనకి మన ఊరి దేవుడి ఊరేగింపే గుర్తుకొస్తుంది.

ఇటలీలో చాలా ఊళ్ళకి ఒక్కొక్క పేట్రన్ సెయింట్ ఉంటారు. అంటే ఆ ఊరిని కాపాడే పుణ్యపురుషుడో, పుణ్యస్త్రీయో అన్నమాట. ఏటా ఆ పేరు మీద పండుగ చేస్తారు. వేరే ఊళ్ళకి వలస వెళ్ళినవాళ్ళు కూడా వీలైతే ఆ రోజుకి ఇంటికి చేరుకుంటారు. మన గ్రామదేవత జాతర లాగే లేదూ? అలాంటి రెండు పండుగల గురించి ఇప్పుడు తెలుసుకుందాం. ఒకటి మనది, ఒకటి వాళ్ళది.

పైడితల్లి కథ

ఉత్తరాంధ్రలో విజయనగరం పట్టణం ఉంది. అక్కడి ఇలవేల్పు పైడితల్లి అమ్మవారు. ఈ అమ్మవారు పూసపాటి రాజవంశపు ఆడపడుచు అని, రాజు పెద విజయరామరాజుకి చెల్లెలని అక్కడివారు చెప్పుకుంటారు.

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చి బొబ్బిలి కోటను ముట్టడించాడు. కోట పడిపోయింది. లోపలి ఆడవాళ్ళు, పిల్లలు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి చొరబడి విజయరామరాజుని చంపాడు. ఇంతవరకు చరిత్ర.

జనం చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. ఈ యుద్ధం వద్దని చెల్లెలు అన్నగారికి చెప్పిందట. ఆయన వినలేదు. అన్నకి ఆపద రాబోతోందని తెలిసి, జబ్బుతో ఉండి కూడా కబురు అందించాలని బయలుదేరింది. దారిలోనే అన్న మరణవార్త తెలిసి సొమ్మసిల్లి పడిపోయింది. తన వెంట ఉన్న పతివాడ అప్పలనాయుడు అనే భక్తుడితో, పెద్ద చెరువులో తన విగ్రహం దొరుకుతుందని, దానికి గుడి కట్టి పూజించమని చెప్పి దేవిలో ఐక్యమైపోయిందట. ఆమె చెప్పినట్టే చెరువులో విగ్రహం దొరికింది, గుడి వెలిసింది. ఊరి మధ్య మూడు లాంతర్ల దగ్గర ఉన్న చదురుగుడి, రైల్వే స్టేషను వైపున్న వనంగుడి రెండూ అమ్మవారివే.

పిల్లలూ, ఒక్క విషయం గమనించండి. ఆ యుద్ధంలో గెలిచింది విజయనగరం. అయినా ఆ ఊరివాళ్ళు దేవతగా కొలుచుకుంటున్నది యుద్ధం వద్దన్న ఆడపిల్లని.

సిరిమాను ఎలా జరుగుతుంది?

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. మనం ఇక్కడ థాంక్స్‌గివింగ్ సెలవు కోసం ఎదురుచూసే రోజులే అవి. 'మాను' అంటే చెట్టు, చెట్టు మొద్దు. 'సిరి' అంటే సంపద, లక్ష్మి. ఉత్సవానికి ముందు అమ్మవారు పూజారికి కలలో కనిపించి, ఫలానా చోట నా చెట్టు ఉంది అని చెబుతుందని నమ్మకం. వెతుక్కుంటూ వెళ్ళి ఆ చింతచెట్టుకి పూజ చేసి, కొట్టి, ఊరికి తెస్తారు. దాన్ని చెక్కి, యాభై అరవై అడుగుల పొడవున్న సిరిమానుగా తయారుచేస్తారు.

ముందు రోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం. ఆ రాత్రి పూజారి చేతుల మీదుగా రైతులు విత్తనాలు అందుకుంటారు. వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగా పండుతుందని వాళ్ళ విశ్వాసం.

మంగళవారం మధ్యాహ్నం సిరిమానుని బండికి బిగిస్తారు. మాను చివర చిన్న ఆసనం ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చే పూజారి అందులో కూర్చుంటారు. మాను మెల్లగా పైకి లేస్తుంది. ఆ క్షణం నుంచి ఆయన పూజారి కాదు, అమ్మవారే! లక్షలాది జనం మధ్య సిరిమాను గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశీకులు కోట బురుజు మీద నుంచి దర్శించుకుంటారు. జనం అరటిపళ్ళు విసిరి మొక్కు తీర్చుకుంటారు.

సిరిమానుతో పాటు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కూడా ఊరేగుతాయి. వల ఎందుకో తెలుసా? అమ్మవారి విగ్రహం చెరువులో దొరికింది కదా. ఆ రోజు చేయి వేసిన బెస్తవారిని ఊరు మరచిపోలేదన్నమాట. పండుగ అంటే పూజ ఒక్కటే కాదు. ఊరికి ఎవరెవరు ఏమేమి చేశారో గుర్తుపెట్టుకునే లెక్కల పుస్తకం కూడా.

గుబ్బియో వారి చెరి

ఇటలీ నడుమ ఉంబ్రియా ప్రాంతంలో, ఇంజినో కొండ వాలున గుబ్బియో అనే పాత ఊరు ఉంది. అక్కడి పేట్రన్ సెయింటు ఉబాల్డో. ఆయన ఆ ఊరి బిషప్. 1160 మే 16న చనిపోయారు, 1192లో సెయింటు అయ్యారు. ఒకసారి ఊళ్ళో రెండు పక్షాలవాళ్ళు కత్తులు దూసుకుంటే, ఆయన వాళ్ళ మధ్యలోకి వెళ్ళి కింద పడిపోయారట. అయ్యో, బిషప్‌గారిని చంపేశామే అని అందరూ ఆయుధాలు పారేశారట. 1155లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా సైన్యంతో వస్తే, ఎదురువెళ్ళి మాట్లాడి ఊరిని కాపాడారని కూడా చెబుతారు.

చూశారా? ఇద్దరూ యుద్ధం వద్దన్నవాళ్ళే. ఆయన మాట నెగ్గింది. పైడితల్లి మాట నెగ్గలేదు. కానీ రెండు ఊళ్ళూ వాళ్ళనే తమ రక్షకులుగా ఎంచుకున్నాయి.

ఏటా మే 15న గుబ్బియోలో 'చెరి' పరుగు జరుగుతుంది. చెరి అంటే కొవ్వొత్తులు. నిజానికి అవి నిలువెత్తుని మించిన కొయ్య స్తంభాలు. ఒక్కొక్కటి ఇంచుమించు 300 కిలోలు ఉంటుంది. మూడు స్తంభాల మీద ముగ్గురు సెయింట్ల బొమ్మలుంటాయి: ఉబాల్డో, జార్జి, ఆంటోని. జట్లు వీటిని భుజాన మోస్తూ ఊరంతా పరుగెత్తి, చివరికి కొండ మీది ఉబాల్డో గుడికి చేరతాయి.

ఈ పందెంలో ఒక తమాషా ఉంది. ఎవరూ ఎవరినీ దాటరు. ఉబాల్డో ఎప్పుడూ ముందు, తరువాత జార్జి, ఆ తరువాత ఆంటోని. మరి గెలుపు ఏమిటి? పడిపోకుండా, తడబడకుండా పైకి చేర్చడమే గెలుపు. అంత బరువుని ఏ జట్టూ ఎక్కువసేపు మోయలేదు. అందుకని పరుగు ఆపకుండానే ఒకరి భుజం కింద నుంచి ఇంకొకరి భుజం మీదికి మార్చుకుంటారు.

సముద్రం దాటిన పండుగ

గుబ్బియో నుంచి కొందరు బొగ్గు గనుల్లో పని కోసం అమెరికాలోని పెన్సిల్వేనియాకి, జెసప్ అనే చిన్న ఊరికి వచ్చారు. వాళ్ళు అక్కడ కూడా మూడు చెరి చేసుకుని పరుగెత్తారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగిపోయినా, 1970లలో మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ పరుగెత్తేవాళ్ళలో చాలామంది ఇటలీ చూసి కూడా ఉండరు.

కెనడాకి కూడా రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇటాలియన్లు చాలామంది హాలిఫాక్స్‌లోని పియర్ 21 రేవులో ఓడ దిగారు. 2021 జనాభా లెక్కల్లో తమ మూలాలు ఇటలీవని చెప్పుకున్నవాళ్ళు 15 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళకి ఇన్ని తరాలు గడిచాయి. మనకి ఇంకా ఒకటి రెండు తరాలే.

మనం ఇక్కడికి సిరిమాను తేలేం. ఆ చెట్టు ఆ నేలది, ఆ కోట ఆ ఊరిది. ఉగాది, సంక్రాంతి, దసరా ఏ స్కూలు హాల్లోనైనా చేసుకోవచ్చు. ఊరి దేవత పండుగ మాత్రం ఆ ఊళ్ళోనే. అందుకే వలస వచ్చినప్పుడు మనం అన్నిటికంటే ముందు మరచిపోయేది దాన్నే. క్యాలెండరులో ఉండదు, పుస్తకంలో ఉండదు, అమ్మమ్మ నోట్లో మాత్రమే ఉంటుంది. అమ్మమ్మని అడగకపోతే అది అక్కడితో ఆగిపోతుంది.

పండుగని తేలేకపోయినా కథని తేవచ్చు, పేరుని తేవచ్చు. దానికి వీసా అక్కరలేదు! కానీ ఆ కథ చెప్పడానికి అమ్మమ్మకి వచ్చిన భాష తెలుగే. మీరు శనివారం పొద్దున్నే నిద్ర మానుకుని, మంచులో మా బడికి వచ్చి అ ఆ ఇ ఈ దిద్దుతున్నది అందుకే. అమ్మానాన్నల భుజం నుంచి మీ భుజం మీదికి మారేది ఈ భాషే. ముందు కొంచెం బరువుగానే ఉంటుంది. మేము పక్కనే ఉంటాం.

కొత్త మాటలు

ఇలవేల్పు – ఇంటి దేవత, వంశ దేవత
ఆడపడుచు – ఇంట పుట్టిన ఆడపిల్ల
మొక్కు – దేవుడికి ఇచ్చిన మాట
బెస్తవారు – చేపలు పట్టేవారు
జాతర – ఊరి దేవత ఉత్సవం

ఇంటిపని

1. మీ అమ్మగారి ఊరి దేవత, నాన్నగారి ఊరి దేవత పేర్లు తెలుగులో రాయండి.
2. ఆ దేవత ఆ ఊళ్ళో ఎలా వెలిసిందో తాతగారినో, అమ్మమ్మనో ఫోనులో తెలుగులోనే అడగండి. అయిదు వాక్యాలు రాయండి.
3. సిరిమానుకి, చెరికి ఉన్న రెండు పోలికలు, రెండు తేడాలు చెప్పండి.
4. యుద్ధంలో గెలిచిన ఊరు, ఆ యుద్ధం వద్దన్న చెల్లెలిని ఎందుకు పూజిస్తోంది? మీకు తోచింది రాయండి. ఈ ప్రశ్నకి తప్పు జవాబు లేదు.

అమ్మానాన్నలకి ఒక మనవి: రెండవ ప్రశ్నకి మీరు జవాబు చెప్పేయకండి. ఫోను పిల్లల చేతికే ఇవ్వండి.