రాబోయే వారాల నిల్వ లెక్క: చేయవలసినవి, చేయకూడనివి

ఆస్పత్రులకు ఇన్సులిన్ పంపే గోదాముల్లో ప్లానింగ్ చూసేవాళ్ల కోసం ఇది. లెక్క చిన్నదే. వారం మొదట ఉన్న నిల్వకు ఆ వారం వచ్చే సరుకు కలిపి, పోయేది తీసేయాలి. మిగిలింది పై వారానికి ప్రారంభ నిల్వ. చిక్కూ అక్కడే ఉంది. ఒక వారంలో దొర్లిన తప్పు షీటులోని చివరి వారం దాకా పాకుతుంది.

చేయకూడనివి

మైనస్‌ను సున్నాగా మార్చకండి. చేతిలో 500 వాయిళ్లు, వారానికి 300 ఖర్చు అనుకుందాం. మొదటి వారం 200 మిగులుతాయి, రెండో వారం 100 లోటు. మూడో వారం 600 వస్తే, బాకీ తీరి 300 పోగా మిగిలేది 200. నాలుగో వారం మళ్లీ 100 లోటు. రెండో వారం గడిలో సున్నా పెట్టారా, నాలుగో వారం సరిగ్గా సరిపోయినట్టు కనబడుతుంది. ఆ వంద వాయిళ్లు ఇండెంటు పెట్టి ఎదురుచూస్తున్న ఆస్పత్రివి. వాళ్లు బయట కొనుక్కుని ఇండెంటు రద్దు చేసుకుంటే బాకీ తీసేయవచ్చు, కానీ దాన్ని వేరే వరుసలో రాసి తీసేయండి.

40 ఐయూ, 100 ఐయూ వాయిళ్లను ఒకే వరుసలో కలపకండి. మొత్తం బాగానే ఉందని ఒకదాని బదులు రెండోది పంపిస్తే, 40 సిరంజీతో 100 మందు ఎక్కించే ప్రమాదం ఉంది. అప్పుడు రోగికి పడేది రెండున్నర రెట్ల మోతాదు. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా భయం ఇదే.

అంచనానూ ఇండెంటునూ రెండూ నిల్వ నుంచి తీసేయకండి. 300 అంచనాలో 120కి ఇండెంటు వచ్చిందంటే ఖర్చు 300, 420 కాదు.

ఎక్సెల్ వలయం హెచ్చరిక చూపితే, ఇటరేటివ్ లెక్క ఆన్ చేసి తప్పించుకోకండి. ఆర్డరు నిల్వను బట్టి, నిల్వ ఆర్డరును బట్టి తిరుగుతున్నాయన్నమాట. ఈ వారం ఆర్డరును పోయిన వారం ముగింపు నిల్వ, ఈ వారం ఖర్చుల నుంచి కట్టండి. ముడి విడిపోతుంది.

చేయవలసినవి

మొదటి గడిని కోల్డ్ రూములో చేత్తో లెక్కపెట్టి నింపండి. ఒకసారి సంక్రాంతి వారంలో మా షీటులో 600 వచ్చేసినట్టు ఉంది. తలుపు తీసి చూస్తే అరలు ఖాళీ. రావాల్సిన తేదీ దాటినా రాని లోడును సాఫ్ట్‌వేర్ తనంతట తనే మొదటి వారంలోకి తోసింది. అలాంటి ప్రతి లోడుకూ సప్లయర్‌కు ఫోన్ చేసి కొత్త తేదీ వేయండి. దించుకున్న లోడు ఆర్డరును అదే రోజు మూసేయండి, లేకపోతే అదే సరుకు నిల్వలోనూ రాబోయేదానిలోనూ కనబడుతుంది.

ఎక్స్‌పైరీని లెక్కలోకి తీసుకోండి. ఈ వారాంతానికి గడువు తీరే బ్యాచ్‌లో 400 ఉండి, ముందుగా అదే పంపగా 300 పోతే, కొట్టేయాల్సింది మిగిలిన 100 మాత్రమే.

లోటు కనబడిన వారం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సరుకు రావడానికి 3 వారాలు పడితే, ఆరో వారం లోటుకు ఆర్డరు మూడో వారం మొదట్లోనే వెళ్లాలి. అంత సమయం లేకపోతే పక్క గోదాముకు ఫోన్ చేయండి, ఆస్పత్రి స్టోరుకు కూడా ఆ రోజే చెప్పండి.